ఊరి ఫొటోలతో పాటు ఇంటి అడ్రస్ కూడా వెళ్లిపోతోంది

సంక్రాంతి అయిన రెండు వారాలకు నాకు వచ్చే మెయిల్స్ దాదాపు ఒకేలా ఉంటాయి. ఊరెళ్లినవాళ్లు చేలు, కాలువ గట్లు, కొబ్బరి తోటలు, మంచు పట్టిన కొండలు ఫోన్ నిండా తీసుకొస్తారు. వాటికి పాట జోడించి స్లైడ్ షో చేస్తారు. తీరా చేశాక పాట మ్యూట్ అయిందనో, రంగులు తేడాగా ఉన్నాయనో, టీవీలో ఓపెన్ కావట్లేదనో రాస్తారు. వాటికి జవాబులు చెబుతాను. అయితే ఈసారి నాకు నిజంగా టెన్షన్ పెట్టిన మెయిల్ వేరే ఉంది. రాసినవారు అందులో ప్రమాదం ఉందని కూడా అనుకోలేదు. ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

కోనసీమలో మా ఊరి ఫొటోలకు త్యాగరాజ కీర్తన పెట్టి వీడియో చేశాను. అప్‌లోడ్ చేయగానే కాపీరైట్ అంటూ సౌండ్ తీసేశారు. త్యాగరాజస్వామి కీర్తనకు కాపీరైట్ ఏమిటండీ?

కీర్తనకు లేదు. మీరు పెట్టిన రికార్డింగుకు ఉంది. త్యాగరాజస్వామి 1847లో పరమపదించారు కాబట్టి ఆ కీర్తనలు ఎవరైనా పాడుకోవచ్చు. కానీ ఒక విద్వాంసురాలు స్టూడియోలో పాడి విడుదల చేసిన ట్రాక్ మీద హక్కు విడిగా ఉంటుంది. మన దేశంలో 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం సౌండ్ రికార్డింగుకు విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ల రక్షణ ఉంది. సినిమా పాటైతే సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు వేర్వేరు హక్కులు. వీడియో సైట్లు మీ ఆడియోను తమ దగ్గరున్న లక్షల ట్రాకులతో మెషీన్ చేతే పోల్చి చూస్తాయి. కింద ‘క్రెడిట్ ఇచ్చాను, డబ్బు కోసం కాదు’ అని రాసినంత మాత్రాన ఆ పోలిక ఆగదు. 15 సెకన్ల లోపు వాడుకుంటే ఫర్వాలేదని చాలామంది నమ్ముతారు. చట్టంలో అలాంటి మాటే లేదు.

ఇంట్లో పాడేవాళ్లు ఉంటే వాళ్ల చేత పాడించి ఫోన్లోనే రికార్డ్ చేయండి. పైగా దానివల్ల ఫొటోల లెక్క కూడా తేలిపోతుంది. ఆది తాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే ఎనిమిది లెక్కలు. నిమిషానికి 80 అక్షరాల వేగంలో పాడితే ఒక ఆవర్తనానికి, అంటే తాళం ఒక చుట్టు పూర్తవడానికి, 6 సెకన్లు పడుతుంది. ఆవర్తనానికి ఒక ఫొటో చొప్పున 30 ఫొటోలకు 3 నిమిషాలు. అంతకు మించితే చూసేవాళ్లకు ఓపిక ఉండదు. రెండొందల ఫొటోలు కుక్కి, ఒకటి గిర్రున తిరిగి, ఇంకోటి ముక్కలై, మరోటి పువ్వులా విచ్చుకుని వచ్చే వీడియోలు నాకు ఎన్నో పంపుతున్నారు. పొలం ఫొటో నెమ్మదిగా వచ్చి నెమ్మదిగా పోతే చాలు. అసలు పాటే లేకపోయినా బాగుంటుంది. తెల్లవారుజామున కాలువ దగ్గర ఫోన్ పెట్టి రెండు నిమిషాలు రికార్డ్ చేయండి. నీళ్ల చప్పుడు, పిట్టల అరుపులు, దూరంగా గుడి మైకు వినిపిస్తాయి. ఆ ఊరి ఫొటోలకు అంతకన్నా నప్పే సంగీతం దొరకదు. ఆ మైకులో సినిమా పాట మాత్రం రాకుండా చూసుకోండి.

లంబసింగిలో మంచు తీస్తే బూడిద రంగులో వచ్చింది. వరి చేను తీస్తే రేడియం పచ్చగా వచ్చింది. నాది 108 మెగాపిక్సెల్ ఫోన్. లోపం ఎక్కడ?

మంచు తెల్లగా ఉంటుంది కాబట్టి వెలుతురు ఎక్కువైందని కెమెరా పొరబడి ఫొటోను చీకటి చేస్తుంది. స్క్రీన్ మీద ఒకసారి తాకితే సూర్యుడి గుర్తు కనిపిస్తుంది. దాన్ని కొంచెం పైకి జరపండి, మంచు మళ్లీ తెల్లబడుతుంది. అంతకంటే ముందు లెన్స్ తుడవండి. ఆ చలిలో జేబులోంచి తీసిన ఫోన్‌కు వేలిముద్ర మరకలే ముప్పాతిక నష్టం చేస్తాయి.

రేడియం పచ్చ మీ తప్పు కాదు. ఈమధ్య వచ్చే అప్‌డేట్లలో ‘సీన్ గుర్తించి మెరుగుపరిచే’ ఏఐ ఫీచర్‌ను అడగకుండానే ఆన్ చేసి పెడుతున్నారు. ఇది నాకు అస్సలు నచ్చని పని. నాటిన కొత్తలో వరి లేత పసుపు పచ్చగా ఉంటుంది, పొట్ట దశకు ముదురు పచ్చకు తిరుగుతుంది, కంకి వంగాక బంగారు రంగుకు వస్తుంది. చేను చూసి రైతు పంట వయసు చెప్పగలడు. ఈ సాఫ్ట్‌వేర్ అన్నిటికీ ఒకే రంగు పులుముతుంది. సెట్టింగుల్లో దాన్ని ఆపేయండి.

108 మెగాపిక్సెళ్ల గురించి: ఫుల్ హెచ్‌డీ వీడియోలో ఒక్కో ఫ్రేముకు 1920×1080, అంటే దాదాపు 20 లక్షల పిక్సెళ్లే ఉంటాయి. 4కేలో అయినా 83 లక్షలు. మీరు తీసిన 10.8 కోట్ల పిక్సెళ్లలో ఎక్కువ భాగం స్లైడ్ షోలో కనిపించదు, ఫోన్ స్టోరేజీ మాత్రం నిండిపోతుంది. మామూలు మోడ్‌లో తీయండి. ఫోన్ అడ్డంగా పట్టుకోండి. ఫోన్ ఫొటో 4:3, టీవీ 16:9 కాబట్టి పైనా కిందా కొంత కోతకు పోతుంది, అంత చోటు వదలండి.

పెన్‌డ్రైవ్‌లో ఫొటోలు కాపీ చేస్తే ఊళ్లో మా పాత టీవీ చూపించట్లేదు.

మీ ఫోన్ హెచ్ఈఐసీ అనే ఫార్మాట్‌లో తీస్తున్నట్టుంది, పాత టీవీలు దాన్ని గుర్తించలేవు. కెమెరా సెట్టింగుల్లో జేపీఈజీకి మార్చండి. స్లైడ్ షోను ఎంపీ4, హెచ్.264లో సేవ్ చేస్తే చాలా పాత టీవీలు కూడా చూపిస్తాయి.

మా అమ్మానాన్న ఊళ్లో ఇద్దరే ఉంటారు. నేను అమెరికాలో ఉంటాను. పండక్కి వెళ్లి తీసిన ఫొటోలు క్వాలిటీ తగ్గకుండా స్లైడ్ షోతో పాటు అందరికీ పంపాలి. ప్రస్తుతం వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుతున్నాను. మొత్తం ఆల్బమ్ లింక్ కూడా ‘రేపే ఫ్లైట్’ అని రాసి స్కూల్ పాత మిత్రుల గ్రూపులో పెట్టాను. ఇంకా మంచి పద్ధతి ఉందా?

ముందు ఆ లింక్ తీసేయండి. తర్వాత మిగతాది చదవండి.

గ్యాలరీలో మీ ఫొటో ఒకటి తెరిచి వివరాలు చూడండి. తేదీ, టైము, ఫోన్ మోడల్ కనిపిస్తాయి. లొకేషన్ ఆన్‌లో ఉండి ఉంటే మ్యాపు లేదా రెండు సంఖ్యలు (అక్షాంశం, రేఖాంశం) కూడా ఉంటాయి. ఊరు అమలాపురం దగ్గరైతే ఒకటి 16.5తో, రెండోది 82 దరిదాపుల్లో మొదలవుతుంది. చుక్క తర్వాత నాలుగు అంకెలుంటే సుమారు 11 మీటర్ల తేడాలో చోటు తెలిసిపోతుంది. ఐదుంటే మీటరు. పల్లెలో 11 మీటర్లంటే ఏ ఇల్లో చెప్పేసినట్టే. ఊళ్లో సిగ్నల్ లేదు కదా అనుకోకండి, జీపీఎస్‌కు మొబైల్ సిగ్నల్ అక్కర్లేదు.

మనుషులు లేని ఫొటో కదా, చెట్టూ చేనూ ఎవరికేం ఉపయోగం అనుకుంటారు. అక్కడే దెబ్బ తింటున్నారు. ఉదయం 6 గంటలకు వీధి గుమ్మం ముందు ముగ్గు, 6.20కి కాలువ గట్టు, 7 గంటలకు మీ చేను. ఈ మూడు ఫొటోల్లో మీ ఇల్లు, మీ పొలం, మధ్యలో దారి ఉన్నాయి. ‘రేపే ఫ్లైట్’ అని గ్రూపులో మీరే రాశారు. ఇంట్లో పెద్దవాళ్లిద్దరే ఉంటారని ఆ గ్రూపులో అందరికీ తెలుసు. దొంగల భయం ఒక్కటే కాదు. పోలీసులమనీ కస్టమ్స్ వాళ్లమనీ ఫోన్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరించేవాళ్లకు ఇలాంటి వివరాలే కావాలి. కాలువ పక్క ఇల్లు, అమెరికాలో అబ్బాయి, ఫలానా రోజు తిరుగు ప్రయాణం అని అవతలివాడు సరిగ్గా చెబితే మీ నాన్నగారు నమ్మకుండా ఎలా ఉంటారు?

వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గుతుంది కానీ లొకేషన్ కూడా తీసేసి పంపుతుంది. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది, దాని కడుపులోని లొకేషన్ కూడా వెళ్లగలదు. ఇక ఆల్బమ్ లింక్‌ను ‘లింక్ ఉన్న ఎవరైనా’ చూడొచ్చని పెట్టారంటే, అది ఎవరు ఎక్కడికి ఫార్వర్డ్ చేసినా తలుపు తెరిచే ఉంటుంది. అందరికీ స్లైడ్ షో వీడియో మాత్రమే పంపండి. కొత్తగా తయారైన ఆ ఫైలులోకి ఫొటోల లొకేషన్ సాధారణంగా రాదు. ఒరిజినల్స్ కావాలని అడిగినవాళ్లకు పేరుపేరునా షేర్ చేయండి. అదీ లొకేషన్ తీసేశాకే. ఐఫోన్‌లో షేర్ నొక్కగానే పైన ఆప్షన్స్ ఉంటుంది, అందులో లొకేషన్ ఆపండి. విండోస్‌లో ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, డీటెయిల్స్‌కు వెళితే అడుగున వ్యక్తిగత సమాచారం తీసేసే లింక్ ఉంటుంది. వచ్చే పండక్కి కెమెరా సెట్టింగుల్లోనే లొకేషన్ ఆపేసి వెళ్లండి.

ఫోన్లు, యాప్‌లు తయారు చేసేవాళ్ల మీద నాకున్న కోపం ఇక్కడే. లొకేషన్ ఆన్ చేయమని కెమెరా తెరిచిన మొదటి రోజే అడుగుతారు. తీసేయడానికి మాత్రం మెనూలో మెనూ వెతుక్కోవాలి. షేర్ నొక్కినప్పుడు ‘ఈ ఫొటోలో మీరున్న చోటు ఉంది, పంపమంటారా?’ అని తెలుగులో ఒక్క వాక్యం చూపిస్తే సరిపోయేది. ఏటా కెమెరాకు కొత్త ఫిల్టర్లు వేయడానికి దొరికే తీరిక దీనికి ఎందుకు దొరకదు? అరవై దాటినవాళ్ల చేతిలో కూడా ఇవే ఫోన్లు ఉన్నాయి. ఫొటో ఫైలులో దాగి ఉండే ఈ వివరాలను ఎక్సిఫ్ డేటా అంటారని వాళ్లకు తెలియాల్సిన అవసరం ఉండకూడదు.

‘మ్యూజిక్‌తో ఫొటో వీడియో’ యాప్ ఏపీకే ఫైల్ గ్రూపులో వచ్చింది. ఇన్‌స్టాల్ చేస్తే కాంటాక్ట్స్, ఎస్ఎంఎస్, యాక్సెసిబిలిటీ పర్మిషన్లు అడుగుతోంది. ఇవ్వొచ్చా?

వద్దు. ఏపీకే అంటే అధికారిక స్టోర్‌తో పని లేకుండా నేరుగా ఇన్‌స్టాల్ చేసే యాప్ ఫైలు. ఫొటోలకు పాట కలిపే యాప్‌కు మీ ఎస్ఎంఎస్‌లతో ఏం పని? ఎస్ఎంఎస్ అనుమతి ఇస్తే ఓటీపీలు చదువుతుంది. యాక్సెసిబిలిటీ ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చూడగలదు, మీ బదులు బటన్లు కూడా నొక్కగలదు. అధికారిక స్టోర్‌లోని యాప్‌కు అయినా గ్యాలరీ మొత్తం ఇవ్వకండి. కొత్త ఫోన్లలో ఎంచుకున్న ఫొటోలు మాత్రమే చూపించే వీలుంది, ఆ ముప్పై ఫొటోలే ఇవ్వండి. మీ గ్యాలరీలో పొలాల పక్కనే ఆధార్, పాస్‌బుక్ ఫొటోలు కూడా ఉంటాయి కదా.

ఇప్పటికే ఇన్‌స్టాల్ చేసి అనుమతులు ఇచ్చేసి ఉంటే ముందు నెట్ ఆపండి. యాక్సెసిబిలిటీ అనుమతి తీసేసి, ఆ తర్వాత యాప్ తొలగించండి. బ్యాంకు పాస్‌వర్డులు, యూపీఐ పిన్ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఖాతాలోంచి డబ్బు పోయి ఉంటే తెల్లారేదాకా ఆగకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పి ఖాతా బ్లాక్ చేయించండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు ఇంకో ఖాతాకు మళ్లకముందే ఆపే అవకాశం అంత ఎక్కువ.