తక్కువ ఖర్చులో టార్గెట్ రైఫిల్? ముందు చెంపచెక్క సంగతి చూడండి

ముప్పై, నలభై వేలలో కచ్చితంగా కొట్టే టార్గెట్ రైఫిల్‌ను సొంతంగా తయారు చేసుకోవచ్చా, ఏ బ్యారెల్ మంచిది, ఏ ట్రిగ్గర్ బిగించాలి అని అడిగారు.

ముందుగా తయారీ ఆలోచన మానుకోండి. అమెరికా వాళ్ల వీడియోలు చూసి, బ్యారెల్ (గొట్టం) ఒకచోట, స్టాకు (భుజానికి, చెంపకు ఆనే చెక్క భాగం) ఇంకోచోట కొని ఇంట్లో బిగించుకోవచ్చని అనుకుంటున్నట్టున్నారు. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తుపాకి తయారు చేయడమే కాదు, బాగు చేయడం, ఒక రకాన్ని ఇంకో రకంగా మార్చడం కూడా నేరమే. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి. చుట్టూ కొండలు. నాటు తుపాకి మాట వినపడితే చాలు, ఊళ్లో పోలీసు జీపులు తిరుగుతాయి. లేత్ మిషను ఉన్నవాడి దగ్గరకు వెళ్లి ‘ఒక గొట్టం తీసిపెట్టు’ అని అడిగే ధైర్యం ఇక్కడ ఎవరికీ లేదు. ఉండకూడదు కూడా.

కాబట్టి నేను చెప్పేదంతా పది మీటర్ల ఎయిర్ రైఫిల్ గురించి, అంటే పది మీటర్ల దూరంలోని టార్గెట్‌ను గాలి ఒత్తిడితో, పెల్లెట్ అనే చిన్న సీసపు గుండుతో కొట్టే రైఫిల్. 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం గొట్టం లోపలి వెడల్పు పాయింట్ 177 క్యాలిబర్, అంటే 4.5 మిల్లీమీటర్లు మించకుండా, శక్తి 20 జౌళ్లు దాటకుండా ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు. మ్యాచ్ రైఫిళ్లు, అంటే పోటీలకు వాడేవి, ఆ శక్తి పరిమితిలో సగానికి కూడా రావు. దాన్ని తక్కువ చేసి చూడకండి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారు పతకం గెలిచింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే.

ఇక బ్యారెల్. ప్రతివాడూ మొదట అడిగేది ఇదే, నాకు చిరాకు తెప్పించేదీ ఇదే. ఒక చిన్న లెక్క చూడండి. టార్గెట్ మీద పదో వలయం 0.5 మిల్లీమీటర్ల చుక్క. పెల్లెట్ అంచు దాన్ని తాకితే చాలు, పది వచ్చినట్టే. పెల్లెట్ వెడల్పు 4.5. అంటే చిల్లు కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మిల్లీమీటర్ల లోపు ఉంటే పదే. వరసగా కొట్టిన పెల్లెట్లన్నీ కలిసి చేసిన చిల్లు, అంచు నుంచి అంచుకు 9.5 మిల్లీమీటర్లు మించకుండా సరిగ్గా మధ్యలో పడితే, అన్నీ పదులే. ఇప్పుడు రైఫిల్ పోటీల్లో పదిని కూడా విడగొట్టి 10.9 దాకా దశాంశాలు లెక్కపెడతారు కదా అని ఎవరో ఒకరు వాదనకు వస్తారు. రానివ్వండి. దశాంశాల బెంగ పదులు కుదిరిన తర్వాత పెట్టుకోవలసింది.

మా మేనకోడలి రైఫిల్ ఫైన్‌వెర్క్‌బావ్ అనే జర్మన్ కంపెనీ చేసిన పాత మ్యాచ్ రైఫిల్, 300ఎస్. విశాఖలో ఒక పాత షూటర్ దగ్గర కొన్నాం. సీళ్లు ఆయనే మార్చి ఇచ్చారు. దాని వయసు మా అక్కయ్య వయసుకు దగ్గర. పక్కనున్న మీట లాగితే స్ప్రింగు బిగుసుకుంటుంది. పేల్చినప్పుడు బ్యారెల్‌తో సహా యంత్రమంతా స్టాకులోని పట్టాల మీద వెనక్కి జారుతుంది, అందుకే భుజానికి తన్ను తెలియదు. గాలి సిలిండర్ లేదు, పంపు లేదు. మంచి బేరమే అనుకున్నాం. కానీ పిల్ల కొడితే పెల్లెట్లు కుడి ఎడమలకు చెదిరిపోయేవి. ఒక శిక్షణ శిబిరంలో ఒక పెద్దమనిషి రైఫిల్‌ను చేతిలోకి కూడా తీసుకోకుండా ‘బ్యారెల్ అరిగిపోయింది, పారేసి కొత్తది కొనండి’ అని తేల్చేశాడు. కొత్త విదేశీ మ్యాచ్ రైఫిల్ రెండు లక్షలు దాటుతుంది. మోటార్లకు వైండింగు చేసుకునేవాణ్ణి, నేను ఎక్కడి నుంచి తేను? అయినా మెత్తటి సీసపు పెల్లెట్‌కు ఉక్కు బ్యారెల్ అరగడమేమిటి?

నా షాపులోని బెంచి వైస్‌లో సైకిల్ ట్యూబు మడతలు వేసి స్టాకును బిగించాం. పక్కనే ఉన్న రైస్ మిల్లు గోదాములో పది మీటర్లు కొలిచి, ఏటవాలుగా ఇనుప రేకు పెట్టిన పెట్టె ముందు కాగితం కట్టి, ఒకే చోట వరసగా కొట్టించాం. చిల్లు మీద కాలిపర్ పెడితే ఆరున్నర మిల్లీమీటర్లు! పైన చెప్పిన తొమ్మిదిన్నరతో పోల్చుకోండి. అంత పాత బ్యారెల్ మా పిల్ల కంటే, ఆ పెద్దమనిషి కంటే కూడా మెరుగ్గా కొడుతోంది.

మరి తేడా ఎక్కడ? చెంప దగ్గర. ఆ స్టాకు పెద్దవాళ్ల ముఖానికి సరిపోయేలా చెక్కింది. పద్నాలుగేళ్ల పిల్ల గురి చూసే వెనుక సైటు చిల్లులోంచి చూడాలంటే మెడ సాచి, తల వంచి, చెంప గాలిలో నిలపాలి. ప్రతి గురికీ కన్ను కొత్త చోటికి వచ్చి నిలబడుతుంది. తుపాకి ఒక్కటే, గురి చూసే కన్ను మాత్రం ప్రతిసారీ వేరు.

మా ఊరు కొమ్ము పనికి పేరున్న ఊరు. పశువుల కొమ్ములను వేడి చేసి వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలు, దువ్వెనలు చేస్తారు. అలాంటి పనివాడు ఒకాయన మా వీధి చివర ఉంటాడు. తుపాకి అనగానే ముందు తలుపు వేసుకోబోయాడు. ఇది ఆటకు వాడేదని, బిల్లు ఉందని చూపించాక అరుగు మీద కూర్చోబెట్టాడు. రైఫిల్ ఖాళీగా ఉందని నేను రెండుసార్లు చూపించాను, ఆయన మూడోసారి తనే చూసుకున్నాడు. తర్వాత పిల్లను నిలబెట్టి ‘కళ్లు మూసుకో తల్లీ. చెంప ఆనించు. మెడ బిగబట్టకు. ఇప్పుడు కళ్లు తెరువు, ఏం కనపడుతోంది?’ అన్నాడు.

‘సగం చందమామ, తాతా’ అంది.

ముందు సైటు వలయం వెనుక చిల్లులో సగమే కనపడుతోందన్నమాట. షూటింగు గురించి ఒక్క ముక్క తెలియని మనిషి ఒక్క ప్రశ్నతో రోగం పట్టేశాడు. లోపలి నుంచి పౌడరు డబ్బా తెప్పించి పిల్ల చెంపకు దట్టంగా రాయించాడు. గుమ్మడి టేకు చెక్క ముక్క ఒకటి స్టాకు మీద తాత్కాలికంగా కట్టి, మళ్లీ కళ్లు మూసుకుని ఆనించమన్నాడు. చెక్క మీద తెల్లగా అంటుకున్న చోటల్లా ఎత్తు ఎక్కువని గుర్తు. అక్కడ అరగుండ్రని ఆకురాయితో నాలుగు గీతలు గీసి, బొటనవేలితో తడిమి, మళ్లీ పౌడరు. మధ్యాహ్నం దాకా అదే పని. మొదట దవడ ఎముక దగ్గర ఒక్క చుక్కే తెల్లబడేది. చివరికి చెంప మొత్తం అచ్చు పడింది, వలయం నిండుగా కనపడింది. ఉప్పుకాగితంతో నున్నగా చేసి, అవిసె నూనె రాశాడు. వార్నిషు వేయమంటే ‘వద్దు బాబూ, చెమటకు జారుతుంది’ అన్నాడు. కూలి మూడు వందలు అడిగితే ఐదు వందలు ఇచ్చాను.

ఆ వారంలోనే పిల్ల పెల్లెట్లు దగ్గరకు చేరాయి. చెంపచెక్క వల్లే అని కోర్టులో ప్రమాణం చేసి చెబుతాను. తెలివైనవాళ్లు ‘సాధన పెరిగింది కాబట్టి’ అంటారు. అదే సాధన అంతకు ముందూ చేసింది కదా!

అందుకే నేను చెప్పే బడ్జెట్ ఇలా ఉంటుంది: మంచి చేతుల్లో ఉన్న పాత మ్యాచ్ రైఫిల్, లేదా దేశంలోనే తయారైనది. మిగిలిన డబ్బంతా రైఫిల్‌ను ఆడేవాళ్ల ఒంటికి అమర్చడానికి. చెంపచెక్క, భుజానికి ఆనే పలక, ఎడమ చేతి కింద ఎత్తు. ఎత్తు సరిచేయడానికి మరమేకుల కింద వాషర్లు చాలు. బరువు పెంచుతామని పిల్లల రైఫిళ్లకు చేపల వలల సీసపు గుళ్లు వేలాడదీసే తండ్రులను చూశాను. పోటీలో రైఫిల్ బరువు పరిమితి 5.5 కిలోలు అంటే అంతా నింపి తీరాలని కాదు, పిల్ల నడుము చూసుకోవద్దా? ఇంకొందరు ముందుగా టెలిస్కోపు కొంటారు. పది మీటర్ల రైఫిల్ పోటీలో దాన్ని అనుమతించరు, ఆ డబ్బుతో మంచి షూటింగు జాకెట్ వచ్చేది.

సిలిండర్ ఉన్న రైఫిల్ పాతది కొనేవాళ్లకు ఒక హెచ్చరిక. 200 బార్ల ఒత్తిడి నింపే ఆ అల్యూమినియం సిలిండర్లకు సాధారణంగా పదేళ్లే గడువు. తేదీ దాని మీదే చెక్కి ఉంటుంది. అమ్మేవాళ్లు ఫోటోలో ఆ వైపు తప్ప మిగతా అన్ని వైపులూ చూపిస్తారు. ఆ తేదీ ఫోటో పంపనివాడితో బేరం వద్దు.

పెల్లెట్లలో రైఫిల్ రకం సుమారు 0.53 గ్రాములు ఉంటుంది, పిస్టల్ రకం ఇంకా తేలిక. రెండు మూడు కంపెనీలవి ఒక్కో డబ్బా తెచ్చి వైస్‌లో కొట్టి చూడండి. ఏది చిన్న చిల్లు చేస్తే దాన్నే, అదే లాట్ (తయారీ విడత) నంబరు చూసి, ఏడాదికి సరిపడా కొనండి. సముద్రపు తేమకు సీసం తెల్లబడుతుంది, బీరువాలో బియ్యం మూట కట్టి దాని పక్కన పెట్టండి. ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడగనిదే అన్నం ముట్టనివ్వకండి, ఎంత ఆకలేసినా సరే.

చివరగా సరిహద్దు వాళ్ల బాధ. భువనేశ్వర్ కళింగ స్టేడియంలో గగన్ నారంగ్ పేరుతో మంచి షూటింగు కేంద్రం ఉంది. మాకు మాత్రం విశాఖే దగ్గర. పిల్ల ఆడాల్సింది ఒడిశా తరఫున, రైఫిల్, పెల్లెట్లు, సలహాలు దొరికేది ఆంధ్రాలో. బస్సులో పొడవాటి పెట్టె కనపడితే గంజాయి తనిఖీ వాళ్లు ముందు దాని మీదే చెయ్యి వేస్తారు. తప్పు పట్టను, వాళ్ల పని అది. కానీ ప్రతిసారీ కొత్తగా మొదటి నుంచి చెప్పాలి, వెనుక ప్రయాణికులు విసుక్కుంటారు. బిల్లు, ఆధార్ నకళ్లు ఒక ప్లాస్టిక్ కవర్లో వేసి పెట్టె మూతకు లోపలివైపు అతికించండి. పెల్లెట్ల డబ్బాలు వేరే సంచిలో పెట్టండి, పెట్టె తెరవమన్నప్పుడు మీట పూర్తిగా వెనక్కి లాగి ఖాళీ అని మీరే చూపించండి.