ఆ పొడి పక్కన పెట్టి, ముందు షుగర్ చూపించుకోండి

ప్రశ్న: నాకు 46 ఏళ్లు. గుంటూరు మిర్చి యార్డులో కమిషన్ కొట్టు గుమస్తాని. ఆరేళ్లుగా షుగర్, రోజుకు పది సిగరెట్లు. ఏడాదిగా అంగస్తంభన తగ్గుతూ వచ్చి, ఇప్పుడు తెల్లవారుజామున కూడా ఉండటం లేదు. హాల్లో పడుకుంటున్నాను. నాకు వేరే సంబంధం ఉందని నా భార్య అనుమానం. గోడ మీద నంబరు చూసి, లాడ్జికి వచ్చే ఒకాయన దగ్గర ఎనిమిది వేలకు పొడి కొన్నాను. గుణం లేదు. మెడికల్ షాపులో బిళ్ల అడగనా?

జవాబు: అడగొద్దు. ఆ పొడీ మానేయండి. ఇలాంటి పొడుల్లో ఇంగ్లీషు బిళ్లనే గుట్టుగా నూరి కలిపినవి చాలాసార్లు పట్టుబడ్డాయి.

టెన్షన్ వల్ల వచ్చే ఇబ్బంది తరచుగా ఉన్నట్టుండి మొదలవుతుంది, తెల్లవారుజామున మాత్రం స్తంభన మామూలుగానే ఉంటుంది. మీది అలా లేదు. రక్తనాళాల మీద, నరాల మీద షుగర్ చేసిన పనిలా ఉంది. అంగానికి రక్తం తెచ్చే నాళాలు 1-2 మిల్లీమీటర్లే, గుండెవి 3-4. కాలువలో పూడిక పడితే ముందు ఎండేది చివరి బోదె కదా. అందుకే గుండె పరీక్ష కూడా అవసరం. మిర్చి ఘాటు చాలదన్నట్టు ఆ సిగరెట్లు ఎందుకండీ?

మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, కొలెస్ట్రాల్, బీపీ, ఈసీజీ, ఉదయం పూట మగ హార్మోన్ టెస్టోస్టెరాన్ చూస్తారు. పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ దగ్గర ‘యూరాలజీ’ (మూత్ర, పురుషాంగ సమస్యలు చూసే విభాగం) అంటే చాలు. కిటికీ ముందు కథంతా చెప్పక్కర్లేదు.

స్తంభనకు ఇచ్చే సిల్డెనాఫిల్ (వయాగ్రా) లాంటి బిళ్లలు చాలామందికి పనిచేస్తాయి. గంట ముందు వేసుకోవాలి, కడుపునిండా బిర్యానీ తిని వేసుకుంటే ఆలస్యమవుతుంది. కోరిక లేకుండా ఊరికే పనిచేయవు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే బిళ్ల వాడేవాళ్లకు ఇవి ప్రాణాంతకం, బీపీ ఒక్కసారిగా పడిపోతుంది. మీరే షాపులో కొనొద్దన్నది అందుకే. బిళ్లలతో కాకపోతే ఇంజెక్షన్లు, వాక్యూమ్ పరికరం, చివరికి ఆపరేషన్ ఉన్నాయి. అక్కడిదాకా ఇప్పుడే ఆలోచించకండి.

నాకు ఎక్కువ బాధనిపించింది ఆ హాల్లో పడక. మీరు దాస్తున్నది జబ్బు, ఆమెకు కనిపిస్తున్నది ఖాళీ మంచం. అనుమానం రాక ఏం చేస్తుంది? ‘షుగర్ వల్ల ఇలా అవుతోంది, డాక్టరు దగ్గరికి వెళ్తున్నా, నువ్వూ రా’ అనండి. ఈ రాత్రే అనండి. వెళ్లేటప్పుడు మీరు వాడే మాత్రల అట్టలన్నీ పట్టుకెళ్లండి. ఆ పొడి పొట్లం కూడా, సిగ్గుపడకుండా.