పత్తి కట్టె గ్యాసులో తారు: ప్లాస్మా పనిచేస్తుందా?

ప్రశ్న: మా రైస్ మిల్లులో పత్తి కట్టెను, కొద్దిపాటి గాలిలో కాల్చి గ్యాసుగా మార్చే పొయ్యి అయిన గ్యాసిఫైయర్‌లో వేసి, వచ్చిన గ్యాసుతో ఇంజను నడుపుతున్నాము. తారు పేరుకుని వాల్వులు అంటుకుపోతున్నాయి. చల్లని ప్లాస్మాతో దీనిని తొలగించవచ్చునా?
– ఒక పాఠకుడు, నర్సంపేట

జవాబు: తొలగించవచ్చునండీ, కానీ మీ మిల్లులో ఇప్పుడే పెట్టుకోమని నేను చెప్పను. టోలుయీన్, నాఫ్తలీన్ వంటి పదార్థాల మిశ్రమమైన తారు, గ్యాసు వేడిగా ఉన్నంతసేపు ఆవిరిగా ఉండి, చల్లబడగానే జిగురులా పేరుకుంటుంది. కేవలం వేడితో దానిని విడగొట్టాలంటే సుమారు 1,000 డిగ్రీల సెల్సియస్ దాటాలి. నీటితో కడిగితే ఫినాల్ కలిసిన విషపు నీరు మిగులుతుంది. కాకతీయుల నాటి చెరువులను నమ్ముకున్న మన ప్రాంతంలో ఆ నీటిని ఎంతమాత్రం బయటికి వదలకూడదు.

ప్లాస్మా అంటే విద్యుత్తు వల్ల కొన్ని అణువులు ఎలక్ట్రాన్లుగా, అయాన్లుగా విడిపోయిన గ్యాసు. చల్లని ప్లాస్మాలో అధిక వోల్టేజీ వల్ల ఎలక్ట్రాన్లు విపరీతమైన శక్తిని పొందుతాయి గాని గ్యాసు అంతగా వేడెక్కదు. వాటి తాకిడికి నీటి ఆవిరి నుంచి, కార్బన్ డయాక్సైడ్ నుంచి పుట్టే చురుకైన రాడికల్స్ (దేనితోనైనా వెంటనే చర్య జరిపే అణు ముక్కలు) తారు అణువుల వలయాలను తెంచి, చాలావరకు హైడ్రోజన్‌గా, కార్బన్ మోనాక్సైడ్‌గా, అంటే తిరిగి ఇంధనంగానే మారుస్తాయి. ఇది నిజంగా అందమైన ప్రక్రియ. అడ్డంకి కరెంటు ఖర్చు: గ్యాసులో తారు కొద్దిపాటిదే కనుక, పెట్టిన శక్తిలో అధికభాగం నైట్రోజన్ వంటి ఇతర అణువులకే పోతుంది. నికెల్ ఉత్ప్రేరకాన్ని జోడించి ఈ ఖర్చు తగ్గించే పరిశోధనలు సాగుతున్నాయి.

అంతవరకు కట్టెలో తేమ 20 శాతం లోపు ఉండేలా బాగా ఎండబెట్టండి. మీ గ్యాసిఫైయర్ గ్యాసు పైకి పోయే రకమైతే, కిందికి దిగే రకానికి మారండి, తారు అక్కడే చాలా తగ్గుతుంది.