ఏడిస్తే జబ్బు ముదురుతుందా?

(రొమ్ము క్యాన్సర్ చికిత్సలో ఉన్న పాఠకులు, వారి కుటుంబ సభ్యులు పంపిన ప్రశ్నలకు క్యాన్సర్ రోగులతో పనిచేసే సైకాలజిస్టు జవాబులు)

ప్రశ్న: నా వయసు 46. ఎడమ రొమ్ముకు ఆపరేషన్ అయింది. 21 రోజులకొకటి చొప్పున ఇచ్చే కీమోల్లో మూడు పూర్తయ్యాయి. కీమో ఎక్కించిన రోజు, ఆ మరునాడు రాత్రంతా కంటి మీద కునుకు ఉండదు. ఆటో ఆసుపత్రి వీధి మలుపు తిరగగానే వాంతి వచ్చినట్లవుతుంది. అప్పటికి చేతికి సూది కూడా పెట్టి ఉండరు. చూడడానికి వచ్చిన ప్రతివారూ “ధైర్యమే సగం మందు, నువ్వు దిగులుపడితే జబ్బు ముదురుతుంది” అంటున్నారు. నాకేమో ఏడుపు ఆగడం లేదు. ఏడ్చి నా జబ్బును నేనే పెంచుకుంటున్నానేమోనని ఆ తరువాత ఇంకా భయం వేస్తోంది. ఈ ఒత్తిడిని తట్టుకోవడం ఎలా? – ఒక సోదరి, తెనాలి

జవాబు: మీ చివరి మాటకే మొదట జవాబు చెబుతాను. మీరు ఏడవడం వల్ల గడ్డ పెరగదు, ఎక్కించిన మందు పనిచేయడం మానదు. దిగులు వల్ల రొమ్ము క్యాన్సర్ వస్తుందని గాని, తిరగబెడుతుందని గాని పరిశోధనల్లో రుజువు కాలేదు. “ధైర్యమే సగం మందు” అనేవారు ప్రేమతోనే అంటారు, సందేహం లేదు. కాని ఆ మాట విన్న మనిషి జబ్బుతో పాటు తన ముఖాన్ని కూడా రోజంతా కాపలా కాసుకోవలసి వస్తుంది. నా దగ్గరకు వచ్చేవారిలో చాలామంది ఇంట్లో ఏడవడానికి చోటు దొరకక, స్నానాల గదిలో కుళాయి తిప్పుకొని ఏడ్చివచ్చినవారే.

ఈ విషయంలో మీరు తెలుసుకోదగిన చరిత్ర ఒకటి ఉంది. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌కు చెందిన మానసిక వైద్యుడు డేవిడ్ స్పీగెల్, ఆయన సహచరులు 1989లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. శరీరంలో ఇతర భాగాలకు పాకిన రొమ్ము క్యాన్సర్ ఉన్న 86 మంది స్త్రీలలో, మామూలు చికిత్సతో పాటు వారానికొకసారి కలిసి కూర్చొని మాట్లాడుకున్నవారు సగటున 36.6 నెలలు, అలా కూర్చోనివారు 18.9 నెలలు జీవించారని అందులో తేలింది. మనసుతో ఆయుష్షు పెరుగుతుందని లోకమంతా సంబరపడింది. అయితే కెనడాలో 235 మందితో చేసి 2001లో ప్రచురించిన పరిశోధనలో ఆయుష్షు తేడా కనిపించలేదు. స్పీగెల్ బృందమే తిరిగి చేసి 2007లో ప్రచురించిన పరిశోధనలోనూ మొత్తం మీద ఆ ఫలితం నిలవలేదు. కెనడా పరిశోధనలో నిలిచింది మరొకటి: మొదట్లో ఎక్కువ బాధలో ఉన్న స్త్రీలకు ఆ కూటాల వల్ల మనసులోని దిగులు, శరీరంలోని నొప్పి కూడా తగ్గాయి. ఇంతకూ ఆ కూటాల్లో వారు చేసిందేమిటంటే, చావు గురించి, భర్తల గురించి, పిల్లల గురించి ఉన్న భయాలను పైకి చెప్పుకోవడం, ఏడుపు వస్తే ఏడవడం. ఉత్సాహం తెచ్చిపెట్టుకొమ్మని అక్కడ ఎవరూ ఎవరినీ బలవంతం చేయలేదు. కాబట్టి మీతో “దిగులుపడకు” అనే పదిమందికంటే, మీరు దిగులుపడుతుంటే పక్కన కూర్చోగలిగే ఒక్క మనిషిని వెదుక్కోండి. అక్క కావచ్చు, మీతో పాటే కీమో ఎక్కించుకొంటున్న పక్క కుర్చీ ఆమె కావచ్చు.

ఇక నిద్ర సంగతి. దాన్ని మీ పిరికితనం ఖాతాలో వేసుకోకండి. వాంతులు రాకుండా, మందు పడకపోవడం వంటివి జరగకుండా కీమోకు ముందూ వెనుకా సాధారణంగా డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇస్తారు. అది మెదడును మెలకువగా ఉంచుతుంది, కొందరిలో చిరాకును, కారణం లేని కంగారును కూడా తెస్తుంది. మీరు చెప్పిన ఆ రెండు రాత్రులూ సరిగ్గా అది ఒంట్లో ఉండే రాత్రులే. మాత్రగా ఇంటికి ఇచ్చి ఉంటే, రెండో మోతాదును సాయంత్రం కాకుండా మధ్యాహ్న భోజనం వేళకే వేసుకోవచ్చునా అని మీ డాక్టరుగారిని అడగండి. మీ అంతట మీరు మానవద్దు. ఆ రెండు రాత్రులు నిద్ర రాదని ముందే తెలిసి ఉండడం కూడా కొంత సాయమే: పడక మీద దొర్లుతూ గడియారం చూసుకొనే బదులు లేచి కూర్చొని, దీపం తగ్గించి, మనసుకు నచ్చినదేదైనా వినండి.

మలుపు దగ్గర వచ్చే వాంతికీ కారణం ఉంది. మూడుసార్లు ఆ వీధి, ఆ స్పిరిట్ వాసన, ఆ తరువాత వికారం ఒకదాని వెంట ఒకటి వచ్చేసరికి శరీరం ఆ వరుసను నేర్చేసుకుంది. ఇప్పుడు మొదటిది కనిపించగానే చివరిదాన్ని తనే తెచ్చిపెడుతోంది. డాక్సోరూబిసిన్ అనే ఎర్రటి మందు ఎక్కించుకొన్న ఒకామె, చికిత్స అయిపోయిన రెండేళ్లకు కూడా పెళ్లి విందులో రోజ్ మిల్క్ గ్లాసు చూసి లేచి వెళ్లిపోయారు. మలుపు దగ్గర వాంతి వచ్చే సంగతి మీ ఆంకాలజిస్టుకు (క్యాన్సర్ డాక్టరుకు) తప్పక చెప్పండి. వాంతుల మందును మార్చి, ముందురోజు రాత్రికి ఆందోళన తగ్గించే మాత్ర ఒకటి రాసే వీలు వారికి ఉంది. వీలైతే ఆటోను వేరే దారిన పోనివ్వండి. రుమాలులో నిమ్మకాయ చెక్క ఉంచుకొని లోపలికి వెళ్లేటప్పుడు వాసన చూస్తూ ఉండండి. ఇంకొక మాట, కీమో రోజున మీకు అన్నిటికంటే ఇష్టమైన వంటకం తినకండి. ఆ పులిహోర మీద జీవితాంతం విరక్తి పుట్టే ప్రమాదం ఉంది. ఇది వేళాకోళానికి అనడం లేదు, రుచి విషయంలో శరీరం చాలా తొందరగా నేర్చుకొంటుంది.

కండరాలను వదులు చేసే అభ్యాసం ఒకటి చెబుతాను. వెల్లకిలా పడుకొని గాని, కుర్చీలో వెనక్కు ఆనుకొని గాని, రెండు పాదాల వేళ్లను అయిదారు సెకన్ల పాటు గట్టిగా ముడవండి. ఒక్కసారిగా వదిలేసి, అర నిమిషం పాటు ఆ వదులుదనాన్నే గమనించండి. తరువాత పిక్కలు, తొడలు, పొట్ట, కుడి పిడికిలి, భుజం, చివరకు దవడ, నుదురు. ఆపరేషన్ జరిగిన ఎడమవైపు చేతిని, ఛాతీని బిగించవద్దు, ఊరికే వదిలి ఉంచండి. అంతా అయ్యాక నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలండి. పావుగంటకంటే పట్టదు. అయితే దీన్ని మొదటిసారి కీమో కుర్చీలో ప్రయత్నిస్తే పనిచేయదు. ఇంట్లో రోజూ చేసి, పది పదిహేను రోజులకు అలవాటయ్యాక అక్కడికి తీసుకువెళ్లండి. ధ్యానం, తేలికపాటి యోగాసనాలు కూడా చికిత్సా కాలంలో ఆందోళనను తగ్గిస్తాయని అంతర్జాతీయ క్యాన్సర్ వైద్య సంఘాల మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఏ ఆసనం వేయవచ్చో మాత్రం మీ సర్జన్‌ను అడిగి మొదలుపెట్టండి.

ఒక హెచ్చరిక. ఒంట్లో కలిగే ప్రతి మార్పునూ “టెన్షన్” అని తోసేయవద్దు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ చేరితే, లేదా ఆయాసం, ఛాతీలో నొప్పి, గుండెదడ వస్తే అర్ధరాత్రయినా సరే ఆసుపత్రికి వెళ్లవలసిందే.

ప్రశ్న: నేను అమెరికాలో, డాలస్‌లో ఉంటున్నాను. విజయవాడలో అమ్మకు రేడియేషన్ జరుగుతోంది. రోజుకు నాలుగుసార్లు వీడియో కాల్ చేస్తున్నాను. ఈ మధ్య అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. నాన్నగారిని అడిగితే “బాగానే ఉందమ్మా” అంటారు. నాకు ఉద్యోగంలో మనసు నిలవడం లేదు. – ఒక కుమార్తె

జవాబు: రేడియేషన్ సాధారణంగా వారానికి అయిదు రోజుల చొప్పున మూడు నుంచి అయిదు వారాలు ఉంటుంది. మొదటి వారంలో పెద్దగా తెలియని నీరసం పోనుపోను పెరిగి, చికిత్స ముగిసిన తరువాత కూడా కొన్ని వారాలు ఉంటుంది. మీ అమ్మగారు అలిగి ఫోన్ ఎత్తడం లేదనుకోనక్కరలేదు, మాట్లాడే ఓపిక లేక కావచ్చు. పైగా “తిన్నావా, డాక్టరేమన్నారు, చర్మం నల్లబడిందా” అని నాలుగుసార్లు అడిగితే ఆమె నాలుగుసార్లు రోగి కావలసి వస్తుంది. రోజుకు ఒక్కసారి, మీకు తెల్లవారే వేళకు అక్కడ సాయంత్రం అవుతుంది కదా, ఆ సమయానికే చేయండి. జబ్బు ఊసెత్తకుండా మీ ఇంటి దొడ్లోని కరివేపాకు మొక్క గురించి మాట్లాడినా చాలు. ఫోన్లు తగ్గించి పనులు పంచుకోండి: ఇన్సూరెన్సు కాగితాలు, రిపోర్టులను తేదీల వరుసలో పెట్టడం, రోజూ ఆసుపత్రికి కారు మాట్లాడడం, పరామర్శకు వచ్చే బంధువులకు మీరే కబురు చెప్పడం డాలస్ నుంచి కూడా చేయవచ్చు. “బాగానే ఉంది” అనే మీ నాన్నగారిని, అమ్మ సంగతి పక్కన పెట్టి, “మీరెలా ఉన్నారు?” అని ఒకసారి అడిగి చూడండి.

ప్రశ్న: వయసు 39. చికిత్స ముగిసి నాలుగు నెలలైంది. జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే టామోక్సిఫెన్ మాత్రను రోజూ వేసుకుంటున్నాను. “అంతా అయిపోయింది కదా” అని ఇంట్లో అందరూ సంతోషంగా ఉన్నారు, నేను మాత్రం అప్పటికంటే ఇప్పుడే కుంగిపోయాను. ఒంట్లో ఆవిర్లు, చెమటలు, నిద్ర లేదు. ఊళ్లో డాక్టరుగారు డిప్రెషన్‌కు మాత్ర రాశారు. వేసుకోవచ్చునా? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చికిత్స నడిచినంత కాలం వారం వారం వెళ్లవలసిన చోటు, చూసే మనుషులు ఉంటారు. అది ఆగిన తరువాతే చాలామందికి జరిగినదంతా ఒక్కసారిగా గుర్తుకు వస్తుంది. అందువల్ల ఇప్పుడు కుంగడం విడ్డూరమేమీ కాదు.

మాత్ర వేసుకోవచ్చు, కాని ఏ మాత్ర అన్నది ముఖ్యం. టామోక్సిఫెన్ కాలేయంలోని ఒక ఎంజైము ద్వారా ఎండాక్సిఫెన్‌గా మారిన తరువాతే బలంగా పనిచేస్తుంది. డిప్రెషన్‌కు వాడే మందుల్లో పారాక్సిటిన్, ఫ్లూవాక్సిటిన్ వంటివి ఆ ఎంజైమును అడ్డుకుంటాయి. వెన్లాఫాక్సిన్ దాన్ని అంతగా అడ్డుకోదు, పైగా మీరు చెప్పిన ఆవిర్లను కూడా తగ్గిస్తుంది. ఊళ్లోని డాక్టరుకు మీ టామోక్సిఫెన్ సంగతి, ఆంకాలజిస్టుకు ఈ కొత్త మాత్ర సంగతి తెలియకపోతేనే చిక్కు. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే హఠాత్తుగా ఆపకుండా వారిని అడిగి మార్చుకోండి.

రెండు వారాలుగా రోజులో ఎక్కువసేపు దిగులుగానే ఉంటే, ఏ పని మీదా మనసు పోకపోతే, దాన్ని చికిత్స చేయించుకోవలసిన జబ్బుగానే చూడాలి. బతకాలని లేదన్న ఆలోచన వస్తే క్షణం ఆగకుండా ఇంట్లోవారికి చెప్పండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆంకాలజిస్టు దగ్గరకు వెళ్లేటప్పుడు రెండు మందుల అట్టలూ ఒకే కవరులో పెట్టుకొని వెళ్లండి. గది బయట వేచి ఉన్నంతసేపూ గుర్తున్న ప్రశ్నలు లోపలికి వెళ్లగానే మరచిపోతాము కనుక, అడగదలచుకొన్న మూడు ప్రశ్నలను ఆ కవరు మీదే రాసుకోండి.