విడాకులు తీసుకుంటే భర్త ఆస్తిలో సగం భార్యకు వస్తుందా?

మీరు అడిగినవి మూడు: భర్త ఆస్తిలో సగం వస్తుందా, ఇద్దరి పేరున ఉన్న ఫ్లాటు ఏమవుతుంది, అత్తగారి లాకరులో ఉండిపోయిన నగలు ఎలా తెచ్చుకోవాలి. 2019లో తిరుపతిలో పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకున్నదాన్ని కనుక, నా అనుభవం మేరకు చెబుతాను.

సగం రాదు. పెళ్లయ్యాక సంపాదించినదంతా చెరిసగం అనే చట్టం, గోవాను మినహాయిస్తే, మనకు లేదు. హిందూ వివాహ చట్టం 27వ సెక్షను పెళ్లి సందర్భంగా వచ్చి, దంపతులిద్దరికీ ఉమ్మడిగా చెందే వస్తువులకే పరిమితం. 25వ సెక్షను కింద ఇచ్చే శాశ్వత భరణం ఆస్తి పంపకం కాదు. అయితే దాన్ని నిర్ణయించేటప్పుడు ఇద్దరి ఆదాయాన్నీ ఆస్తినీ కోర్టు చూస్తుంది.

నగల విషయంలో మీ పక్షం బలమైనది. స్త్రీధనం, అంటే పెళ్లిలో భార్యకు సొంతంగా ఇచ్చిన నగలూ సొమ్మూ, అత్తవారింట ఉన్నంత మాత్రాన భార్య హక్కు పోదని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. చిక్కల్లా ఏవేవి ఉన్నాయో చూపించడంలోనే. నా దగ్గర ఉన్న నగల కొట్టు రసీదు మీద అక్షరాలు వెలిసిపోయి తూకం కూడా కనబడలేదు. చివరికి మా అమ్మ పెళ్లి ఆల్బమ్ తెచ్చి వకీలు గారి బల్ల మీద పరిచి, తలంబ్రాల ఫోటోలో నా చేతి గాజులను భూతద్దంతో లెక్కపెట్టింది. కాసులపేరు, వంకీ, కమ్మలు, ఒక్కొక్కటీ ఎన్ని సవర్లో ఆమెకు నోటికి వచ్చు! ఆ జాబితా చూశాక అవతలివారు పెద్దగా వాదించలేదు.

ఫ్లాటు దగ్గరే నేను పొరపాటు చేశాను. తిరుచానూరు వైపు ఇద్దరి పేరునా కొన్న ఆ ఫ్లాటును నేను ఉంచుకునేటట్టు, ఆయన తన భాగానికి హక్కు విడుదల దస్తావేజు రాసి ఇచ్చేటట్టు, మిగిలిన వాయిదాలు నేనే కట్టేటట్టు రాజీపత్రంలో రాసుకున్నాం. కానీ మా ఒప్పందానికి గానీ, దాని మీద వచ్చిన కోర్టు డిక్రీకి గానీ బ్యాంకు కట్టుబడనక్కరలేదని మాకు తట్టలేదు. అప్పు ఇద్దరి సంతకాలతో ఇచ్చింది కనుక, నా ఒక్కదాని జీతం సరిపోదంటూ ఆయన పేరు తీయడానికి బ్యాంకు ఒప్పుకోలేదు. విడాకులు వచ్చిన తరువాత కూడా, నేను వాయిదా కట్టడం రెండు రోజులు ఆలస్యమైతే ఆయనకు ఫోను వెళ్లేది, ఆయన నుంచి నాకు వచ్చేది. మా తమ్ముడు సహ రుణగ్రహీతగా చేరాకే ఆ ముడి విడింది.

అందువల్ల మీ వకీలు రాజీపత్రం రాయకముందే బ్యాంకుకు వెళ్లి, మిగిలిన అప్పును మీ ఒక్కరి పేరుకు మారుస్తారో లేదో రాతపూర్వకంగా అడిగి తెచ్చుకోండి. మార్చము అంటే ఫ్లాటు అమ్మి, అప్పు తీర్చి, మిగిలినది ఎవరెంత కట్టారో చూసుకుని పంచుకునే షరతును ఆ పత్రంలోనే రాయించండి.