ఆ పాటలోని మనిషి, ఆ పాట పాడిన మనిషి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. అమెరికాలో ఉద్యోగం. విడాకులై మూడేళ్లయింది, ఆమె మళ్లీ పెళ్లి చేసుకుంది. రోజూ రాత్రి మందు తాగుతూ, అమెరికా పల్లె బాణీ ‘కంట్రీ’ పాటల గాయకుడు జార్జ్ జోన్స్ పాడిన ‘హీ స్టాప్డ్ లవింగ్ హర్ టుడే’ (ఆమెను ప్రేమించడం ఈ రోజుతో మానేశాడు) వింటాను. అందులోని మనిషిలాగే చనిపోయేదాకా ఆమెనే ప్రేమిస్తూ ఉండిపోవాలనిపిస్తోంది. అమ్మ మరో సంబంధం చూస్తానంటోంది. ఏం చేయాలి?

జవాబు: పాత ఉత్తరాలను దాచుకుని, ఆమె ఫొటోను గోడకు పెట్టుకుని బతికిన ఆ మనిషి ప్రేమించడం మానేసింది తాను చనిపోయిన రోజునే. చివరిచూపుకు ఆమె వస్తుంది. మిమ్మల్ని పట్టి ఉంచుతున్నది ఈ రాకేనని నా అనుమానం. అయితే బాబీ బ్రాడక్, కర్లీ పుట్మన్ రాసిన ఆ పాటను నిర్మాత బిల్లీ షెరిల్ పలుమార్లు తిరగరాయించారు. ఆమె అంత్యక్రియలకు వచ్చే ఘట్టం ఆయన అడిగి చేర్పించుకున్నదే. పాట రక్తికట్టడం కోసం కల్పించిన ఆ ఘట్టాన్ని నమ్ముకుని మీరు జీవితాన్ని గడపడం న్యాయం కాదు.

పాడిన జోన్స్‌కే ఆ పాట మొదట్లో నచ్చలేదు. ఇంత చావు పాటను ఎవరూ కొనరన్నారు. భార్య, గాయని టామీ వైనెట్‌తో 1975లో విడాకులయ్యాక ఆయన తాగుడులో పూర్తిగా కూరుకుపోయి ఉన్న రోజులవి. పాట మధ్యలో మామూలుగా చెప్పవలసిన నాలుగు మాటలను కూడా తడబడకుండా పలకలేకపోవడంతో రికార్డింగు చాలా నెలలు సాగింది. 1980లో విడుదలై, కంట్రీ పాటల్లో మొదటి స్థానానికి చేరి, ఆయనకు గ్రామీ సంగీత పురస్కారం తెచ్చింది. తాగుడు మాత్రం ఆ విజయంతో ఆగలేదు. 1983లో నాన్సీ అనే ఆమెను పెళ్లాడారు, 1995లో టామీతో కలిసి మళ్లీ ఒక ఆల్బమ్ పాడారు, 1999లో కారు ప్రమాదంలో చావు తప్పి బయటపడ్డాక మందు మానేసి, 81 ఏళ్ల దాకా బతికారు. పాటలోని మనిషి దారిలో పాడిన మనిషి నడవలేదు.

ఆమెను మరచిపొమ్మని నేను చెప్పను. అది మన చేతిలో ఉండే పని కాదు. ముందు మందు సంగతి డాక్టరుతో దాచకుండా మాట్లాడండి. ఒంటరిగా తాగుతూ ఆ పాట వినడం ఈ రోజు నుంచే ఆపండి. చనిపోవాలన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అక్కడి ఆత్మహత్య నివారణ హెల్ప్‌లైన్ 988 నంబరుకు ఏ వేళనైనా ఫోన్ చేయవచ్చు, మొహమాటపడకండి.

రెండో పెళ్లి ఇప్పుడే వద్దు. రాబోయే అమ్మాయి మీ దుఃఖానికి మందుగా రాకూడదు. ఈ మాట అమ్మగారికి మీరే స్పష్టంగా చెప్పండి. ‘చూద్దాంలే’ అన్నారంటే ఆమె దాన్ని అంగీకారంగానే తీసుకుని, మర్నాడే పెళ్లిళ్ల పేరయ్యకు కబురు పెడతారు.