ట్రంకు పెట్టె మీద నంబరు

అమ్మాయీ,

మిలిటరీ నుంచి వచ్చి విజయవాడలో లారీలు నడిపిన మీ నాన్నగారి మీద నువ్వు రాసి పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను కాబట్టి మార్జిన్ల నిండా గీతలుంటాయి, చూసి టెన్షన్ పడకు. మొహమాటం లేకుండా చెప్పమన్నావు, అలాగే చెప్తున్నా. మొదటి మూడు పేజీలు తీసెయ్.

ఆ మూడు పేజీల్లో ఉన్న పెద్దమనిషి ఎవరైనా కావచ్చు. "క్రమశిక్షణకు మారుపేరు", "అజాతశత్రువు", "ఆయన లేని లోటు తీరనిది" లాంటి మాటలు వర్ధంతి ప్రకటనల్లో రోజూ కనపడేవే, ఫొటో మార్చి ఎవరికైనా వేసుకోవచ్చు. ఏడో పేజీలో నాలుగే లైన్లు రాసి వదిలేశావు చూడు, ఆదివారం రాత్రి వరండాలో కూర్చుని పాత బనీను గుడ్డ వేలికి చుట్టుకుని నీ స్కూలు బూట్లకి పాలిష్ పెడుతుండటం, ఫోన్ మోగితే అదే నల్లటి చేత్తో రిసీవర్ ఎత్తి నాగపూర్ దగ్గర ఆగిపోయిన బండి గురించి డ్రైవర్‌తో మాట్లాడటం, ఆ రిసీవర్ మీద మరక ఎంత తుడిచినా పోవట్లేదని మీ అమ్మగారు సణగడం. అక్కడ కనపడ్డారు నాకు మీ నాన్నగారు. అక్కణ్ణుంచి మొదలుపెట్టు. పుట్టిన తేదీ, ఊరు, తాతగారి పేరు తర్వాతెక్కడో సందు చూసి చెప్పుకోవచ్చు.

ఇక తప్పులు. "1971 యుద్ధంలో చూపిన ధైర్యసాహసాలకు పూర్వీ స్టార్ పొందారు" అని రాశావు. పూర్వీ స్టార్ సాహసానికిచ్చేది కాదమ్మా, ఆ యుద్ధంలో తూర్పు వైపు పనిచేసిన వాళ్లకిచ్చిన మెడల్. పడమర వైపు వాళ్లకి పశ్చిమీ స్టార్ ఇచ్చారు. సాహసానికైతే పరమవీర చక్ర, మహావీర చక్ర, వీర చక్ర, సేనా మెడల్, ఇవి వేరే. ఆర్మీలో పనిచేసినవాడెవడైనా ఆ వాక్యం చదివితే ఇక మిగతాది నమ్మడు. ఆయన తనకు తానుగా ఏనాడూ చెప్పుకోని గొప్పని నువ్వు తగిలించావంటే ఆయనకే చిన్నతనం. ఇంకోటి, రెండు పేజీల తేడాలో ఆయన్ని కెప్టెన్ అనీ మేజర్ అనీ రాశావు. ఆటోనగర్‌లో అందరూ మేజర్ గారనే పిలిచేవాళ్లేమో, మన ఊళ్లలో రిటైరైన మిలిటరీ ఆఫీసర్లకి ప్రమోషన్ జనమే ఇచ్చేస్తారు, ఐదేళ్లలో కల్నల్ని కూడా చేస్తారు! ఆ సంగతే రాయి, బాగుంటుంది. కానీ నువ్వు పంపిన ఫొటోలో భుజం మీద మూడు నక్షత్రాలున్నాయి, అంటే కెప్టెన్.

ఆయన ఆర్మీ సర్వీస్ కోర్‌లో పనిచేశారన్న మాట ఒక్కసారి చెప్పి గబగబా దాటేశావు. తుపాకీ పట్టి ముందు వరసలో నిలబడలేదని నీకెక్కడో చిన్న వెలితి ఉన్నట్టుంది. డిసెంబరు 3 నుంచి 16 దాకా 13 రోజులు, అడుగడుక్కీ ఏరో నదో అడ్డొచ్చే నేల మీద సైన్యం ఢాకా వైపు నడుస్తుంటే వాళ్ల వెనకాల గోధుమ పిండి, పప్పు, పెట్రోలు, డీజిలు ఎవరో ఒకరు చేరవెయ్యాలి కదా, ఆ పని ఆ కోర్‌ది. ఇరవై నాలుగేళ్లకి లోడు సమయానికి చేరకపోతే ఏమవుతుందో చూసిన మనిషి ముప్పై ఏళ్లకి విజయవాడ వచ్చి లారీలు పెట్టుకుని గుంటూరు మిర్చి ఉత్తరాదికి తోలాడు. నువ్వు మాత్రం "సైనిక జీవితం", "వ్యాపార జీవితం" అని రెండు హెడ్డింగులు పెట్టి మనిషిని మధ్యలో కోసేశావు. ఆ హెడ్డింగులు కొట్టెయ్.

వ్యాపారంలోకి ఎందుకొచ్చారన్న చోట "కుటుంబ బాధ్యతల రీత్యా సైన్యాన్ని వదులుకుని" అన్నావు. నాకు అనుమానమే. ఆయన నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో ఎస్.ఎస్. అని ఉండి పక్కన అంకెలున్నాయనీ, ఎస్.ఎస్. అంటే ఏంటో మీ ఇంట్లో ఎవరికీ తెలీదనీ నువ్వే రాశావు. అది షార్ట్ సర్వీస్ కమిషన్, అంటే గడువు పెట్టి ఇచ్చే ఆఫీసర్ ఉద్యోగం, దాని నంబరు. 1962లో చైనాతో దెబ్బ తిన్నాక ఆఫీసర్లు చాలక 1963లో మద్రాసులో ట్రైనింగ్ స్కూల్ తెరిచారు. మొదట అక్కడ ఎమర్జెన్సీ కమిషన్, వాళ్ల నంబర్ల ముందు ఈ.సి. అని ఉంటుంది, ఆ తర్వాత షార్ట్ సర్వీసు. పర్మనెంట్ వాళ్లది ఐ.సి. అప్పట్లో ఈ షార్ట్ సర్వీసు వాళ్లు ఐదేళ్లు చేసి బయటికొస్తే చేతిలో ఎంతోకొంత గ్రాట్యుటీ పెట్టేవారు, పెన్షన్ ఉండేది కాదు. 1970లో చేరి 75లో వచ్చేశారని నువ్వే అంటున్నావు, లెక్క సరిపోయింది కదా? ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు, నెలనెలా వచ్చేది లేదు, తెలిసిన విద్య బండ్లు నడిపించడం. ఆయనే వదులుకున్నారో, ఆర్మీ ఉంచుకోలేదో, గడువైపోయిందో మీ అమ్మగారినీ బాబాయినీ కూర్చోబెట్టి అడుగు. త్యాగం అనే మాట అప్పటిదాకా వాడకు.

ఇలాంటి తప్పు నేనూ చేశాను కాబట్టే ఇంత చెప్తున్నా. మా నాన్నగారు పోయినప్పుడు పెద్దకర్మకి పంచిన చిన్న పుస్తకంలో "జీవితంలో ఎవరి దగ్గరా చెయ్యి చాచి ఎరుగరు" అని నేనే రాశాను. పదిహేనో రోజున బియ్యం కొట్టాయన ఆ పుస్తకం చంకలో పెట్టుకుని, జేబులోంచి ప్రోనోటు తీసి బల్ల మీద పెట్టాడు. తేదీ చూస్తే నేను డిగ్రీ ఫీజు కట్టిన వారం. అప్పు తీర్చడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది గానీ ఆ వాక్యాన్ని వెనక్కి తీసుకోడానికి మాత్రం దారి దొరకలేదు, ఊరంతా పంచేశాం.

కెప్టెన్ కృష్ణన్ నాయర్ గురించి చదివే ఉంటావు, లీలా హోటళ్ల ఆయన. 1922లో కన్నూరులో పుట్టారు, 1951లో సైన్యం వదిలి మావగారి చేనేత వ్యాపారంలో చేరారు, అరవై దాటాక ముంబయి ఎయిర్‌పోర్టు దగ్గర మొదటి హోటల్ కట్టి దానికి భార్య పేరు పెట్టారు. 2010లో పద్మభూషణ్, 2014లో పోయారు, చివరిదాకా పేరు ముందు కెప్టెన్ అలాగే ఉంది. ఆయన గురించి అందరూ చెప్పే కథ మద్రాసు చేనేత గుడ్డది. అమెరికా పంపితే ఉతికినప్పుడల్లా రంగు వెలిసిపోతోందని గోల, చివరికి రంగు వెలవడమే దాని ప్రత్యేకత అని ప్రకటనలిచ్చి అమ్మారు, జనం ఎగబడ్డారు. ఇవన్నీ పేపర్లలో దొరికాయి నాకు. ఇద్దరు కొడుకులున్నారని కూడా దొరికింది. వాళ్లకి జ్వరమొస్తే రాత్రిళ్లు ఆయన ఏం చేసేవారన్నది మాత్రం నేనెక్కడా చదవలేదు. అంతటి మనిషికే ఆ సంగతి బయటివాళ్లం రాయలేం, ఇంట్లోవాళ్లు చెప్పాలి. విజయవాడలో లారీలున్న ఒక కెప్టెన్ గురించి నువ్వు తప్ప ఎవరు రాస్తారు?

అసలు సంగతికొస్తా. నాలుగో పేజీలో, నువ్వు పదో తరగతిలో ఉన్నప్పుడు, ఐదు లారీలన్నావు. తొమ్మిదో పేజీలో నీ పెళ్లినాటికి రెండు. మధ్యలో "వ్యాపారంలో అంచెలంచెలుగా ఎదిగారు" అని ఉంది. మూడు లారీలు ఎక్కడికెళ్లాయి? నీ ఇంజినీరింగ్ ఆ మధ్యలోనే కదా. కిరాయిలు పడిపోయాయో, ఫైనాన్సువాడు తీసుకెళ్లాడో, ఒక్కో బండీ ఒక్కో ఏడాది ఫీజు కింద వెళ్లిందో నాకు తెలీదు. నీకు తెలిసే దాటేశావనిపించింది, ఎందుకంటే మిగతా చోట్ల ఇంత హడావుడిగా రాయలేదు నువ్వు. ఆయన ప్రేమ గురించి పదో పేజీలో విశేషణాలు గుప్పించావు, నాకైతే ఆ మూడు బండ్ల నంబర్లు కావాలి. లాగ్‌బుక్కులు పారెయ్యనిచ్చేవారు కాదన్నావుగా, అటక మీద ఉంటాయి, దింపించు. ఏ బండి ఏ నెలలో ఆఖరి ట్రిప్పు వెళ్లిందో తేలిపోతుంది. పాత డ్రైవర్ ఇంకా పండక్కి ఫోన్ చేస్తాడన్నావు, అతన్నీ అడుగు, కానీ ఫోన్లో వద్దు, వెళ్లి కూర్చో.

ఒకవేళ కారణం నువ్వు రాయలేనిదైతే, అంటే ఆయన ఎవరి చేతిలోనైనా మోసపోయారనో, కోపంలో తప్పు బేరం చేశారనో తేలితే, అప్పుడు ఒకసారి నాకు ఫోన్ చెయ్. రాయమని బలవంతం చెయ్యను. ఆ "అంచెలంచెలుగా" మాత్రం ఉంచొద్దు.

ఉగాదిలోపు రెండో ప్రతి పంపితే చాలు. ఈలోగా ఆ ట్రంకు పెట్టె ఫొటో తీసి పంపు, నంబరు మొత్తం కనపడేట్టు. పెయింటు వెలిసిపోయి ఉంటే దాని మీద మళ్లీ వెయ్యకు.

ఉంటాను.